దూలానికి ఆనుకుని

జూన్ 14

పిచ్చుకకి మీ వదిన రాసేది,

మొన్నటి నుంచి ముసురు పట్టింది. తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ కురుస్తోంది. పొద్దున వంతెన మీది పలకలు తడిమి చూస్తే చెక్క లోపలి దాకా చెమ్మ దిగినట్టుంది. పలకలు నీళ్ళు తాగిన కొద్దీ కాలువ మీద ఉండే ముక్కు బరువెక్కుతుంది, అవతలి గట్టు మీద కూర్చుండిపోతుంది. అందుకని మన ఒడ్డున తోకలో ఉన్న పెట్టెలోకి రాళ్ళు మోశాం. మామయ్య గారి కాలం నుంచి ఉన్న రాళ్ళే. ఒకటి వెయ్యడం, ముక్కు తేలుతోందో లేదో చూడటం, ఇంకొకటి వెయ్యడం. కూరలో ఉప్పు చూసినట్టే ఉంది ఈ పని.

ఇవన్నీ నీకు తెలియనివి కావు. ఇంతకంటే విశేషాలు లేక రాస్తున్నాను. పడవ వచ్చినప్పుడల్లా పక్కకి తిరిగే అంత వంతెన ఒక్క ఇరుసు మీద, అటూ ఇటూ సమంగా తూగుతూ నిలబడి ఉందంటే ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి కూడా నాకు నమ్మబుద్ధి కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామయ్య గారు నన్ను దాని మీద నిలబెట్టి తిప్పారు. ఇల్లూ గేటూ గట్టు మీది మనుషులూ మెల్లగా పక్కకి జరిగిపోతున్నారు, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాననుకున్నాను. దిగాక చెబితే నువ్వు పగలబడి నవ్వావు. గుర్తుందా?

ఎగువనున్న పై వంతెన తిప్పే మనిషికి మోకాళ్ళు పట్టేశాయి. తిప్పలేకపోతున్నాడని ఎవరో చెప్పారట, కాలువ ఆఫీసు వాళ్ళు అతని పేరు కొట్టేసి వేరే అతన్ని వేశారు. పేరు పోతే ఇల్లూ పోయినట్టే కదా. సామానంతా గట్టు మీద పెట్టుకుని బండి కోసం కూర్చున్నారట, వానలో. ఇప్పుడు కొత్త సూపర్‌వైజరు గారు వచ్చారు. ఒక్కో వంతెనా తనిఖీ చేస్తారంటున్నారు.

మీ అన్నయ్య బాగున్నారు. ఉత్తరం రాయమంటే నువ్వు రాస్తున్నావుగా అన్నారు. మీ అన్నాచెల్లెళ్ళలో ఒకరికి చెయ్యి బరువు, ఒకరికి నోరు తేలిక. ఎవరెవరో నేను చెప్పను.

శాలువా పంపుతున్నాను. మన ఉత్తరాలు పడవలో మోసే సరంగు తాత తాను కప్పుకోకుండా తెచ్చి ఇస్తే మన అదృష్టం. నువ్వు నడిపే ఆ క్రేను పైన గాలి ఎక్కువట. చెవులు కప్పుకో.

వదిన


జూన్ 29

వదినా,

శాలువా అందింది. తాత కప్పుకునే తెచ్చాడు. పొగాకు వాసన పోయే దాకా ఉతికాను.

ఇక్కడ వాన లేదు. రాళ్ళ యార్డంతా తెల్లటి దుమ్ము. పొద్దున నిచ్చెనెక్కి క్రేను గదిలో కూర్చుంటే అన్నం వేళకే దిగడం. నిన్న ఎత్తిన రాయి మన వంటగదంత ఉంది. నేల విడిచేటప్పుడు ఏమీ కానట్టే ఉంటుంది. అంత బరువూ ఒక తాడు మీదికి వచ్చేస్తుంది, నా గది కొంచెం వంగుతుంది, అంతే. అసలు పని తరవాత. కదిలించగానే ఊగడం మొదలెడుతుంది.

కొత్తలో అది ఎటు ఊగితే నేను దానికి ఎదురు లాగేదాన్ని. ఇంకా రెచ్చిపోయి ఊగేది. మేస్త్రీ కిందనుంచి, "దానితో కొట్లాట పెట్టుకోకు. అది పోయేవైపే నువ్వూ పో" అని చెప్పేవాడు. నాకు ఎగతాళి చేస్తున్నాడనిపించేది. కానీ నిజమే వదినా. అది ఒక వైపు పోతుంటే నేనూ అటే పోయి, అది ఆ చివరికి చేరి ఒక్క క్షణం ఆగే వేళకి సరిగ్గా దాని నెత్తిమీద ఉంటే, ఇంక ఊగదు. అంత రాయి అలా గాలిలో నిలబడిపోతుంది. ఇప్పటికీ ఆ క్షణంలో నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. ఇక్కడ ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

నిన్నొకటి అడగాలి. తాత మాటల్లో, "మీ వంతెన ఇప్పుడు పిల్లి కూర్చున్నట్టు ఆగుతోందే" అన్నాడు. మా అన్నయ్య వంతెన ఎలా ఆపుతాడో నాకు తెలియదా? అడ్డు దుంగకి ధబ్బున తగలాల్సిందే. ఆ చప్పుడుకి అటక మీద గిన్నెలు మోగేవి. నాన్న ఎన్నిసార్లు చెప్పినా వాడి చెవికెక్కలేదు. ఆపడం మనసులో పెట్టుకుని కదిలించాలని నాన్న అనేవాడు.

ఎవరు తిప్పుతున్నారు? నాన్న ఆ పని ముందు నాకు నేర్పాడు. ఆఫీసులో పేరు రాయించేటప్పుడు కొడుకు పేరు రాయించాడు. సరే, అది అయిపోయింది, నా దారి నేను చూసుకున్నాను. కానీ వాడు కూర్చుని ఇంకెవరి చేతో తిప్పిస్తున్నాడంటే మాత్రం నాకు మండుతుంది.

జవాబు తొందరగా రాయి. తాత ఇక్కడ రాళ్ళు నింపుకుని రేపే దిగువకి బయలుదేరుతున్నాడు, తిరిగి వచ్చేటప్పుడు అతని చేతికే ఇవ్వు.

పిచ్చుక


జూలై 12

పిచ్చుకా,

సరంగు తాతకి వంతెన పిల్లిలా కనిపిస్తుంది, పిల్లి పులిలా కనిపిస్తుంది. అతని కళ్ళ సంగతి నీకు తెలియదా?

మీ అన్నయ్య నేర్చుకున్నారనుకో. మనిషన్నాక మారకూడదా? ఆ మధ్య ఆయనే చెప్పారు. వంతెన తిప్పే దూలాన్ని గట్టిగా తోస్తే తోసినవాడి భుజం నొప్పి పెడుతుంది తప్ప వంతెనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. వీపు ఆనించి, కాళ్ళు గుండ్రటి దారి మీది రాతి మెట్టుకి తన్ని పెట్టి, ఊరికే ఆనుకుని ఉండాలి. కాసేపు ఏమీ ఉండదు. గోడకి ఆనుకున్నట్టే ఉంటుంది. వదిలేద్దామనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు వీపు వెనక ఏదో వెంట్రుక వాసి జరుగుతుంది. అది జరిగిందా, మనకే అనిపించిందా తెలియదు. ఇంకా ఆనుకునే ఉంటే ఒక అడుగు పడుతుంది. అంత ఇనుమూ అంత చెక్కా ఒక మనిషి ఒంటి బరువుకి లోబడి నడుస్తుంటే, అది మనల్ని మన్నించి కదులుతోందనిపిస్తుంది.

ఆపడం కూడా అంతే. ఎంతసేపు ఆనుకుని నడక నేర్పామో, సుమారు అంతసేపూ ఎదురు ఆనుకుని ఆ నడకని మళ్ళీ వెనక్కి తీసుకోవాలి. సగం దారిలోనే దూలం కిందనుంచి దూరి అవతలి వైపుకి వచ్చెయ్యాలి. ఆలస్యమైతే మనం ఇచ్చినదంతా ఆ దుంగ ఒక్క క్షణంలో తీసుకోవాల్సి వస్తుంది, అందుకే ఆ ధబ్బు. ఇదంతా మీ అన్నయ్య చెప్పిందే.

నీ క్రేను రాయి గురించి చదివి నాకు కూడా వెంట్రుకలు లేచాయి. నేను నవ్వను, రాస్తూ ఉండు.

ఇంటి పెంకులు రెండు చోట్ల జరిగాయి. పొయ్యి దగ్గర గిన్నె పెట్టుకున్నాను. ఎండ వస్తే ఎక్కి సర్దుతాను.

నీ మీద కోపం లేని
వదిన


ఆగస్టు 2

వదినా,

పెంకులు నువ్వెక్కి సర్దుతానన్నావు. అన్నయ్యకి ఏమయింది?

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. వాడు జన్మలో అన్ని మాటలు ఒక్కచోట మాట్లాడి ఎరగడు. దుంగకి తగిలితే "దుంగ ఉన్నదే అందుకు" అనేవాడు. ఇవి పని తెలిసిన వేరే మనిషెవరో చెప్పిన మాటలు. ఎవరో మనిషిని తెచ్చి పెట్టుకున్నారు. అతను పక్కన నిలబడి చెబుతుంటే నువ్వు రాశావు.

తాతని నిలదీశాను. వరండాలో నులకమంచం మీద ఒక మగమనిషి దుప్పటి కప్పుకుని ఎప్పుడూ పడుకునే ఉంటాడన్నాడు. మా అన్నయ్యేనట. పగలంతా పడుకునే మనిషికి ఏ అలవాటు ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాన్న ఎండకీ వానకీ నిలబడిన చోట కూలిమనిషిని నిలబెట్టి, వీడు పడుకుంటున్నాడా? ఇందుకేనా నా పేరు కాదని వాడి పేరు రాసింది?

ఇంకొకటి. వానలు వెనక్కిపోయి ఎండలు కాస్తున్నాయట కదా అక్కడ. పలకలు ఆరి ముక్కు తేలికై, తోక కిందికి దిగి, అది తిరిగే గొయ్యి అంచుకి రాసుకుంటోందన్నాడు తాత. అంటే పెట్టెలో రాళ్ళు తియ్యలేదు. పడుకున్నవాడు ఆ పాటి పనైనా చెయ్యలేడా? తిప్పడం ఎలాగూ మానేశాడు, కనీసం తూకం చూసుకోమను.

ఈ ఉత్తరం నువ్వు దాచకు. అన్నయ్య చేతికి ఇవ్వు.

పిచ్చుక


ఆగస్టు 19

అమ్మాయ్,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికి ఇచ్చాను. చదివి, మడతపెట్టి తిరిగి ఇచ్చారు. మజ్జిగ ఉందా అని అడిగారు. అంతే.

ఇక దాచి లాభం లేదు. మార్చి నెలలో ఆ గుండ్రటి దారి మీద ఆయన కాలు జారింది. వంతెన నడక మీద ఉంది. దూలం వచ్చి నడుము మీద తగిలింది. అది మెల్లగా నడిచే వస్తువే, నీకు తెలుసు, పసిపిల్లవాడి నడక. కానీ ఆ మెల్లదనం వెనక ఎంత ఉందో ఆ రోజు చూశాను. మనిషిని పక్కకి పెట్టి, తన దారిన తాను పోయి, దుంగకి తగిలి ఆగింది. ఆయన లేచి కూర్చోగలరు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలరు. ఆనుకోలేరు. వైద్యుడు ఇంతకంటే పెద్దగా మారదన్నాడు.

అప్పటి నుంచి, పడవల వాళ్ళు ఆనవాలు పట్టకుండా తలకి గుడ్డ చుట్టుకుని, తిప్పుతున్నది నేను. కూలిమనిషి లేడు. మామయ్య గారు నీకు చెబుతుంటే పక్కన చిక్కుడుకాయలు వలుస్తూ విన్నదాన్ని, అదే నా చదువు. పేరు ఆయనది, పని నాది. ఆఫీసుకి తెలిస్తే పై వంతెన వాళ్ళ గతే మాది. సరంగు తాతకి చెబితే చీకటి పడేలోపు కాలువ పొడుగునా తెలుస్తుంది. నీకు చెబితే నువ్వు పరిగెత్తుకొస్తావనీ, వచ్చి వంతెన నాదంటావనీ భయపడ్డాను. అనే హక్కు నీకుంది, కాదనను. కానీ మాకు వేరే ఇల్లు లేదు.

నీ అన్నకి ఏ అలవాటూ లేదు. పడవ కొమ్ము వినగానే మొహం గోడవైపు తిప్పుకుంటారు. నేను తిప్పడం ఇప్పటి వరకు ఒక్కసారి కూడా చూడలేదు. అదొక్కటే అలవాటు.

రాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. ఈ నెల ఎండని నమ్మడానికి లేదని ఆగాను.

వదిన


సెప్టెంబరు 3

వదినా,



నీ ఉత్తరం రాకముందే నేను కాలువ ఆఫీసుకి రాశాను. మా అన్న పని చెయ్యకుండా ఎవరో పరాయి మనిషి చేత వంతెన తిప్పిస్తున్నాడనీ, పని నేర్చిన కూతురిని నేనున్నాననీ, విచారించమనీ. కోపం మీద రాసి, కోపం మీదే పడవ ఎక్కించాను. ఇప్పుడు వెనక్కి రమ్మంటే రాదు. సూపర్‌వైజరు గారు మీ దగ్గరికి వస్తారు. ఎప్పుడో తెలియదు.

మళ్ళీ ఇంకొకటి రాస్తాను, నాదే పొరపాటని. అది చేరేసరికి ఆలస్యమవుతుందేమో. ఆయన రాగానే దాచకు, ఉన్నది చెప్పు. దాస్తే ఆ తప్పు కూడా మీ మీదే వేస్తారు.

అన్నయ్య నడుముకి కాపడం పెట్టు. నేనన్న మాటలు వాడు చదవకుండా ఉంటే బాగుండేది. చదివాడు.

ఇవాళ రాయి నిలబెట్టలేకపోయాను. మేస్త్రీ నన్ను దిగి మంచినీళ్ళు తాగి రమ్మన్నాడు.

పిచ్చుక


సెప్టెంబరు 24

పిచ్చుకా,

బతికే ఉన్నాం. అది ముందు రాస్తున్నాను, తాత ఈపాటికి నీకు వేరేగా చెప్పి ఉంటాడు కాబట్టి.

పోయిన వారం ఎగువన గట్టి వాన పడింది, ఇక్కడా పడింది. కాలువ ఎర్రగా, గట్టు అంచు దాకా వచ్చింది. సాయంత్రం మిల్లు వదిలిన వేళ తాత కొమ్ము వినబడింది. ఊదే పద్ధతిలోనే తెలిసింది, అడగడం కాదు, మొత్తుకోవడం. రాళ్ళ పడవ నీటి వాలున వస్తోంది. లంగరు వేశాడట, అది బురదని గీసుకుంటూ వెనకే వస్తోంది తప్ప పట్టు దొరకలేదు. పడవ పరుగేం తియ్యడం లేదు. నడుస్తోంది. కానీ ఎవరూ ఆపలేని నడక.

నేను గేటు వేసి, గడియ తీసి, దూలానికి ఆనుకున్నాను. కదల్లేదు. ఆనుకునే ఉన్నాను. ఎప్పుడూ ఆ వెంట్రుక వాసి జరుగుతుందే, అది రాలేదు. ముక్కు అవతలి గట్టు మీద కూర్చుండిపోయింది. పెట్టెలో రాళ్ళున్నాయి కదా ఎందుకిలా అయిందని నాకు అంతుపట్టలేదు.

వరండాలోంచి మీ అన్నయ్య పిలిచారు. కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

"రాళ్ళు లేవు. నేను తీసేశాను. మనుషుల్ని ఎక్కించు తోక మీదికి."

నువ్వు రాశావు కదా, తూకమైనా చూసుకోమని. నేను బజారుకి వెళ్ళిన వేళల్లో ఒక్కో రాయి కడుపుకి ఆనించుకుని దించారట. వానాకాలం అయిపోయిందనుకున్నారు. ఎండలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

గేటు దగ్గర మిల్లు మనుషులు అవతలికి పోవడానికి నిలబడి ఉన్నారు. పాతిక ముప్ఫై మంది ఉంటారు. నేను గేటు తీసి తోక మీదికి రమ్మన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. పడవ వస్తుంటే వంతెనెక్కమనడం ఏమిటన్నారు. మీ అన్నయ్య కర్రతో వచ్చి ముందు తానెక్కారు. అది చూసి నేత పనివాడు ఒకడు ఎక్కాడు, "వదినగారూ, ముంచేస్తే మాత్రం మా ఆవిడకి మీరే చెప్పుకోవాలి" అంటూ. తరవాత అందరూ ఎక్కారు. గొడుగులతో, టిఫిను డబ్బాలతో, ఒకావిడ చేతిలో నిండుగా పాలగిన్నెతో. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి అంటూ మీ అన్నయ్య వాళ్ళని రాళ్ళ పెట్టె మీద, దాని చుట్టూ సర్దారు. ఆఖరున ఒక లావుపాటి ఆయన ఎక్కాడు. ఆయన కాలు పెట్టగానే అవతలి గట్టు దగ్గర బురదలోంచి చెప్పు పీకినట్టు చప్పుడయింది. ముక్కు లేచింది.

"ఎవరూ కదలొద్దు" అన్నారు మీ అన్నయ్య.

నేను ఆనుకున్నాను. ఎంతసేపు ఆనుకున్నానో చెప్పలేను. పడవ వస్తోందని తెలుసు, అటు చూడలేదు. ఎంత తొందరపడినా ఆ వంతెనకి తొందర తెలియదు. తరవాత వీపు వెనక అది వచ్చింది. ఒక అడుగు. ఇంకొకటి. ఆ మనుషులందరూ మాట లేకుండా, గొడుగులు పట్టుకుని నిలబడి, అలాగే నిలబడి ఉన్నట్టే, నా ముందునుంచి తిరుగుతూ వెళ్ళారు. వాన పడుతూనే ఉంది. వాళ్ళెవరూ అడుగు తీసి అడుగు వెయ్యడం లేదు, అయినా అందరూ పోతున్నారు. నేను చిన్నప్పటి నుంచి ఎన్నో చూశాను గానీ అలాంటిది చూడలేదు. నేను చేస్తున్నానని కూడా అనిపించలేదు.

అప్పుడు ఆపడం గుర్తొచ్చింది. ఇంత బరువుతో ఎప్పుడూ తిప్పలేదు. దుంగకి తగిలితే అంచున ఉన్నవాళ్ళు గోతిలో పడతారు. సగం దారి కంటే చాలా ముందే దూలం కింద దూరాను. ఎదురు ఆనుకుంటే అది నన్ను లెక్క చెయ్యకుండా నెట్టుకుంటూ పోయింది. కాళ్ళు రాతి మెట్ల మీద జారుతూ వెనక్కి పోతున్నాయి. నీ రాయి గుర్తొచ్చింది. కొట్లాడకుండా, దానితోపాటే వెనక్కి నడుస్తూ, ఆనుకోవడం మాత్రం వదల్లేదు. మెల్లగా బరువు తగ్గుతూ వచ్చింది. దుంగ దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలు పట్టేంత సందు ఉంచి ఆగిపోయింది.

పడవ పక్కనుంచి వెళ్ళింది. ముక్కుకీ దానికీ మధ్య జానెడు. తాత చుక్కాని పట్టుకుని నోరు తెరిచి మమ్మల్ని చూస్తూ పోయాడు. అంత రాయి అంత దగ్గరగా పోతే గాలి చల్లగా తగిలింది.

పాలగిన్నె ఆవిడ గిన్నె వైపు చూసుకుంది. ఒలకలేదు.

తరవాత దిగుతామన్నారు. దిగితే ముక్కు మళ్ళీ కూర్చుంటుంది, ఎవరూ అవతలికి పోలేరు, నిలబడండి అన్నాను. లావుపాటి ఆయన అన్నం చల్లారిపోతోందని గొణిగాడు. అందరూ ఆయన్నే దిగొద్దని బతిమాలారు. ఆయన జన్మలో అంత మర్యాద ఎరిగి ఉండడు. వంతెన మళ్ళీ వేసేదాకా అందరూ నిలబడ్డారు.

తిప్పినంతసేపూ మీ అన్నయ్య తోక మీదనుంచి నన్నే చూశారు. నేను తల ఎత్తినప్పుడల్లా అటే చూస్తున్నారు. ఇంటికి వచ్చాక, "మా నాన్న కంటే బాగా ఆపుతున్నావు" అన్నారు. తరవాత నడుము నొప్పని పడుకున్నారు.

సూపర్‌వైజరు గారు రేపో మాపో వస్తారట. ముప్ఫై మంది చూశాక దాచడానికి ఏముంది? ఉన్నది చెబుతాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోవాలో ఆలోచించలేదు.

వదిన


అక్టోబరు 5

వదినా,

తాత ఇక్కడికి వచ్చి బొగ్గు బస్తా మీద కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తాత మాట్లాడకపోవడం చూసి యార్డులో అందరం భయపడ్డాం. తరవాత, "మీ వదిన మనుషుల్ని తిప్పింది" అన్నాడు. ఇంకేమీ చెప్పలేకపోయాడు. నీ ఉత్తరం చదివాకే అర్థమయింది.

ఆ పడవలో రాళ్ళు నేనెత్తినవే. అడుగున ఉన్న పెద్దదాన్ని నేనే పెట్టాను. అది మీ దాకా నడిచి వచ్చిందని తలుచుకుంటే క్రేను మీద నా చెయ్యి ఆగుతోంది. ఇంతకు ముందు రాయి పడవలో దించాక నా పని అయిపోయిందనుకునేదాన్ని.

సూపర్‌వైజరు గారు మీ దగ్గరికంటే ముందు నా దగ్గరికే వచ్చారు, ఉత్తరం రాసింది నేను కదా. పెద్దాయన, మర్యాదగానే మాట్లాడారు. తండ్రి దగ్గర పని నేర్చిన కూతురివి, నీకు కావాలంటే రాసి ఇవ్వు, ముందు నీ సంగతే చూస్తామన్నారు. ఇన్నేళ్ళుగా ఎవరైనా ఆ మాట అంటారని ఎదురుచూశాను. అన్నాక, వద్దన్నాను.

నీ మీద జాలితో కాదు. అంతమంది నిలబడి ఉండగా నేనైతే అలా ఆపగలిగేదాన్నా అని నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. తెలియదు. దానికి జవాబు తెలిసిన మనిషి అక్కడ ఉండగా నేను వచ్చి ఏం చెయ్యను? నాకు ఇక్కడ నా రాళ్ళున్నాయి. అదే రాసి సంతకం పెట్టాను.

అన్నయ్య సంగతి. నా క్రేను కింద నిలబడి చేతి సైగలు చేసే అతను మానేస్తున్నాడు. నాకు పైనుంచి రాయి నెత్తి కనిపిస్తుంది గానీ అడుగు కనిపించదు. కింద నిలబడినవాడు ఎత్తు, దించు, ఆగు అని చేత్తో చెప్పాలి. స్టూలు వేసుకుని కూర్చుని చెయ్యొచ్చు. కళ్ళు కావాలి, నడుము అక్కర్లేదు. ముక్కు లేవకపోవడం వరండాలోంచి చూసి కారణం చెప్పిన మనిషి నాకు కావాలి. మేస్త్రీతో మాట్లాడాను, సరే అన్నాడు.

వాడితో ఇది నేను పిలుస్తున్నానని చెప్పు, జాలిపడి రమ్మంటున్నానని కాదు, పనికి కావాలంటున్నానని. మిమ్మల్ని విడదీస్తున్నానని నువ్వు అనుకోవచ్చు. అనుకో. కానీ వాడు ఆ మంచం మీద గోడకేసి చూస్తూ ఇంకో ఏడాది ఉంటే ఏమవుతాడో నీకూ తెలుసు.

పిచ్చుక


అక్టోబరు 22

పిచ్చుకా,

ఎండలు నిలకడగా ఉన్నాయి. పలకలు ఆరాయి. ఆ వాన తరవాత మళ్ళీ నింపిన పెట్టెలోంచి నిన్న రెండు రాళ్ళు తీశాను, మిగతావి ఇంకా ఆగుతాను.

సూపర్‌వైజరు గారు వచ్చారు. ఆయన అడగక ముందే అన్నీ చెప్పాను. వంతెన తిప్పి చూపించమన్నారు. తిప్పాను. ఇంకోసారి తిప్పమన్నారు. మూడోసారి తాను ఆనుకుంటానని, కోటు తీసి గేటుకి తగిలించి, దూలానికి వీపు ఆనించారు. కాసేపటికి అది కదిలింది. ఆయన మొహం మీదికి ఏదో వచ్చింది. "కదిలిందమ్మా" అన్నారు, నాకు తెలియదన్నట్టు. ఆపడం మాత్రం నన్నే చెయ్యమన్నారు. ఆరునెలలు దాచినందుకు చీవాట్లు పెట్టారు, అవి పడ్డాను. తరవాత నా పేరు రాశారు. ఇల్లు ఉంటుంది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి ఇచ్చాను. ఒకరోజు కంచం ముందు కూర్చుని, పైనుంచి చూస్తే చేతి సైగ కనిపిస్తుందా అని అడిగారు. పిచ్చుక కళ్ళకి కనిపిస్తుందన్నాను. ఇంకో రోజు, వానాకాలం తూకం ఎవరు చూస్తారన్నారు. నేనే చూస్తానన్నాను. అప్పుడు తల ఊపారు.

నడుముకి కట్టుకునే పట్టీ ఆయన బట్టల పెట్టె అడుగున పెట్టాను, అడిగి కట్టించు. చన్నీళ్ళు పోసుకోనివ్వకు. స్టూలు ఎత్తు తక్కువైతే లేవలేరు, కాస్త ఎత్తుగా ఉన్నది చూడు. వీలైనప్పుడల్లా తాత చేత కబురు పంపమను. ఉత్తరం రాయరని తెలుసు.

మీ అన్నయ్య బుధవారం పొద్దున, మొదటి పడవలో వెళ్ళారు.

వదిన